మూడో తరగతి పటం వెనక

బడికి ఎవరో వస్తున్నారని తెలిస్తే తాళాలమ్మ చేతులు ఊరుకోవు. వచ్చేది పై అధికారి కావచ్చు, నీళ్ల మీటరు చూసిపోయే మనిషి కావచ్చు, చిరునామా వెతుక్కుంటూ పొరపాటున గేటు తోసినవాడైనా కావచ్చు. ఆవిడ లెక్కలో అందరూ ఇంటికొచ్చిన చుట్టాలే. చుట్టాల ముందు ఇంటి గుట్టు బయటపడకూడదు.

ఆ సోమవారం పొద్దున్న పెద్దమాస్టారు గేటు దగ్గరే ఎదురొచ్చి కబురు చెప్పారు. "పదకొండింటికి ఇంజనీరమ్మ వస్తోందట. ఊళ్లో ఏడు బళ్లూ చూసి, దేనికి ఏ మరమ్మతులు కావాలో ప్లాను తయారుచేస్తారట." ఇందులో తాళాలమ్మ చెవికెక్కింది "పదకొండింటికి వస్తోంది" అన్నంతవరకే. మిగతాది గాలికి పోయింది. ఆవిడ అప్పటికే కొంగు నడుముకు బిగించి చీపురు అందుకుంది.

ఆవిడ ఆ బడికి ఆయా. అవసరమైతే వాచ్‌మన్, ఇంకా అవసరమైతే వడ్రంగి, మరీ అవసరమైతే ప్లంబరు. ఇరవై రెండేళ్లుగా నడుముకు వేలాడుతున్న ఇనుప రింగులో పంతొమ్మిది తాళంచెవులున్నాయి. ఆవిడ ఏ గదిలో ఉందో వరండాలో నిలబడి వింటే తెలిసిపోతుంది. ఆ పేరు పిల్లలు పెట్టిందే. అసలు పేరు రికార్డుల్లో ఎక్కడో ఉంది, దాన్నెవరూ కదిలించలేదు.

ఒకటో తరగతి తలుపుకు పై బందు ఊడి ఏడాదైంది. తలుపు బార్లా తెరిచి, గోడకు ఆనించి, కింద మడతపెట్టిన అట్టముక్క దోపితే నిక్షేపంలా కనిపిస్తుంది. మూయమని ఎవరూ అడక్కపోతే చాలు. రెండో తరగతి కిటికీలో అద్దం లేనిచోట తెల్ల అట్ట బిగించి, దాని మీద పిల్లలు వేసిన చేపల బొమ్మ అతికించింది. కారే కుళాయికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పైన పురికొస బిగించి, ముడి గోడవైపు తిప్పింది. పైకప్పు మీది చెమ్మ మరకలకు నిచ్చెనెక్కి సున్నం అద్దింది. విరిగిన బెంచీ కోడు కింద ఇటుక పెట్టి, ఆ ఇటుక కనపడకుండా చెత్తబుట్ట జరిపింది. చివరగా మూడో తరగతిలోకి వెళ్లి, ఎడమ గోడకు వేలాడే పెద్ద ప్రపంచ పటం ముందు నిలబడి, దాని కింది అంచు రెండు చేతులతో లాగి చూసింది. పటం కదలలేదు. ఆవిడకు ఊపిరి ఆడింది.

పదకొండు కొట్టి ఐదు నిమిషాలకు ఇంజనీరమ్మ స్కూటరు దిగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. బూట్లకు రెండు రంగుల మట్టి అంటుకుని ఉంది, ఆ పొద్దున్న అప్పటికే రెండు బళ్లు తిరిగొచ్చిందని ఆ బూట్లే చెబుతున్నాయి. చేతిలో అట్టకు బిగించిన ఫారాలు. ప్రతి గదికీ మూడు గడులు: బాగుంది, మరమ్మతు, కూల్చివేత. ఆమె గదిలోకి తొంగిచూసి, పైకప్పు చూసి, నేల చూసి, గడిలో టిక్కు పెట్టి ముందుకు కదిలేది. వెనకాల పెద్దమాస్టారు, ఆయన వెనకాల గలగలమంటూ తాళాలమ్మ.

"ఎన్నాళ్ల కిందటి కట్టడం మాస్టారూ ఇది?"

"యాభై ఏళ్ల పైమాటేనండి."

"నమ్మబుద్ధి కావట్లేదు. పదేళ్ల కిందట కట్టిన బళ్లు ఇంతకంటే అధ్వానంగా ఉన్నాయి. ఇంత పొందిగ్గా ఉన్న బడి ఇంతవరకూ నాకు కనపడలేదు." ఆమె తాళాలమ్మ వైపు తిరిగి నవ్వింది. "మీ పనేనా అమ్మా ఇదంతా?"

తాళాలమ్మ సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ పనిని చూసి ఇంత సూటిగా మెచ్చుకున్న అధికారి లేడు. ఇరవై ఐదు నిమిషాల్లో స్కూటరు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాటను మొగుడికి మూడుసార్లు చెప్పింది. ఆయన దర్జీ. వీధి గదిలో మిషను ముందు కూర్చుని, మూడోసారి కూడా మొదటిసారి విన్నట్టే తలూపాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

బుధవారం మధ్యాహ్నం పెద్దమాస్టారు మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక కాయితం పట్టుకొచ్చారు. ఆయన మొహం చూసే తాళాలమ్మకు ఏదో తేడా అనిపించింది.

"జాబితా అంటించారు. ఆరు బళ్లున్నాయి అందులో" అన్నారాయన.

"ఊళ్లో ఉన్నవి ఏడు కదా మాస్టారూ."

"ఏడోది మనది. మరమ్మతులు అక్కర్లేదని రాశారు." ఆయన దగ్గారు. చెప్పలేని మాట ఏదైనా ఉంటే ఆయనకు ముందు దగ్గు వస్తుంది. "మళ్లీ ఇలాంటి ప్లాను ఎనిమిదేళ్లకి గానీ రాదట. అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలట."

తాళాలమ్మ కాయితం తీసుకుని వేలు పెట్టి చదివింది. స్టేషను రోడ్డు బడికి కొత్త పైకప్పు, కొత్త మరుగుదొడ్లు, కొత్త కిటికీలు. ఆ బడి సంగతి ఆవిడకు తెలియనిది కాదు. అక్కడ కుళాయి విరిగి ఆరు నెలలుగా నీళ్లు వరదకట్టి పారుతున్నా కట్టేసిన నాథుడు లేడు. అక్కడి అటెండరు మధ్యాహ్నం కునుకు తీసే బెంచీ మాత్రం గట్టిగా ఉంటుంది. వాళ్లకు అన్నీ కొత్తవి. ఇక్కడ రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టుకొచ్చినందుకు సున్నా.

ఆవిడ ఇంజనీరమ్మను నాలుగు మాటలనబోయి, తన చేతులు చూసుకుంది. అన్నీ కప్పిపెట్టి చూపించింది ఎవరు? ఆ చేతులే కదా అద్దింది, చుట్టింది, దోపింది.

అంతలో పైన ఉరిమింది. ఏం అనుకోవడానికీ వ్యవధి లేదు. వాన వస్తే ఆ బడిలో జరిగే తంతు చూసితీరాలి. మెట్ల కింద గూట్లో ఏడు బక్కెట్లుంటాయి. ఏ బక్కెట్టు ఏ చుక్క కిందో తాళాలమ్మకు చూడక్కర్లేదు, మొదటి చుక్క రాలేలోగా అన్నీ తమతమ చోట్ల కూర్చుంటాయి. రెండో తరగతి పిల్లలు ఎవరూ చెప్పకుండానే సంచులు ఒళ్లోకి తీసుకున్నారు, కిటికీ వైపు వరస ఒక జానెడు ఎడమకు జరిగింది. టీచరు ఎక్కాల దగ్గర ఉంది. "ఏడొకట్ల ఏడు" అన్నారు పిల్లలు, బక్కెట్లో టప్ మంది. "ఏడు రెళ్లు పద్నాలుగు", టప్. పిల్లలకు నవ్వాగలేదు, టీచరుకూ ఆగలేదు. తలుపు దగ్గర నిలబడిన తాళాలమ్మకు మాత్రం మొదటిసారి నవ్వు రాలేదు. ఎనిమిదేళ్లు అనుకుంది. ఈ రెండో తరగతి వాళ్లు బడి దాటిపోయాక కూడా ఇదే బక్కెట్టు, ఇదే చుక్క.

ఇంటికి వెళ్లేసరికి మొగుడు ఒక ప్యాంటును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

"చిరుగు. రఫూ చేయమని ఇచ్చిపోయాడు మహానుభావుడు. ఇచ్చేముందు ఉతికి, ఇస్త్రీ చేసి, చిరుగు లోపలికి పోయేలా మడతపెట్టి మరీ ఇచ్చాడు. చిరిగిన బట్ట ఇస్తే నేనేమనుకుంటానోనని కాబోలు."

"మర్యాదస్తుడేమో."

"మర్యాదస్తుడే. చిరుగెక్కడో చూపించకపోతే నేనెక్కడ కుట్టను, నా తలకాయకా?" అని ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఏమైంది, అలా నిలబడిపోయావు? తాళాలు కూడా మోగట్లేదు."

ఆవిడ గుమ్మంలోనే కూలబడి జరిగింది చెప్పింది. ఆయన ప్యాంటు ఒళ్లో పెట్టుకుని, చివరిదాకా విన్నాడు. అంతా విని, సొరుగులోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ల ఒకటి తీసి, ఆవిడ చేతిలో పెట్టాడు. "రేపు పోయి ఆ అమ్మాయిని మళ్లీ పిలుచుకురా. ఈసారి చిరుగులన్నిటికీ గుర్తులు పెట్టి ఇయ్యి."

"అన్నిటికీనా?" అంది ఆవిడ. ఆయన అప్పటికే మళ్లీ ప్యాంటులో తల దూర్చాడు.

గురువారం తాళాలమ్మ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరింగ్ సెక్షను మేడమీద, పొడుగాటి గది. బల్లల మీద చుట్టచుట్టిన ప్లాన్లు కట్టెలమోపుల్లా పేర్చి ఉన్నాయి. ఇంజనీరమ్మ ఆవిడను గుర్తుపట్టి కుర్చీ చూపించింది. తాళాలమ్మ కూర్చోలేదు. మొహం చెల్లక, బల్ల అంచు చూస్తూ, తలుపు కింది అట్టముక్క దగ్గర మొదలుపెట్టి బక్కెట్ల దాకా వరసగా ఒప్పజెప్పింది.

ఇంజనీరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "అంటే, సోమవారం నేను చూసింది బడి కాదు. మీరు కట్టిన వేషం."

"అలాంటిదేనమ్మా."

"ఎందుకు చేశారండీ అలా? నేను వచ్చిందే మరమ్మతుల కోసం కదా."

"ఎవరొచ్చినా అలాగే చేస్తానమ్మా. అలవాటైపోయింది. తప్పయిందని తోచేసరికి మీరు టిక్కులు పెట్టేశారు."

ఇంజనీరమ్మ పెదవి కొరుక్కుని, ఇక ఆగలేక నవ్వేసింది. "నేనూ తలుపు మూసి చూడలేదు లెండి. ఏడు బళ్లు, రెండు రోజులు. తప్పు మీదొక్కరిదే కాదు." ఆమె క్యాలెండరు వైపు చూసింది. "రేపు పదింటికి వస్తాను. ఒక్క మాట. ఈసారి ఉన్నదంతా చూస్తాను, ఉన్నదంతా రాస్తాను. మూడు గడులున్నాయి కదా, వాటిలో కూల్చివేత అని మూడోది కూడా ఉంది. ఏ గోడైనా నిలబడుతుందో లేదో నాకు తెలియకపోతే ఆ గడిలోనే రాయాలి. పిల్లల విషయం, అక్కడ నేను మొహమాటపడను."

"మూడో గడిలో రాస్తే పిల్లలెక్కడికి పోతారమ్మా?"

"లారీల రోడ్డు అవతలి బడికి. కొత్తది కట్టేదాకా. అది ఎన్నేళ్లో చెప్పలేను."

తాళాలమ్మ నమస్కారం పెట్టి బయటపడింది. మెట్లు దిగుతుంటే తాళాలు ఒక్కో మెట్టుకూ ఒక్కోసారి మోగాయి. ఆవిడ మనసు నిండా ఒకటే ఉంది, మూడో తరగతి పటం.

ఆ పటం వెనక ఒక పగులుంది. కిటికీ పైమూల నుంచి దూలం దాకా, మెట్లు మెట్లుగా, కిందిభాగంలో వేలు పట్టేంత. దాని సంగతి ఇద్దరికే తెలుసు, ఆవిడకూ పెద్దమాస్టారుకూ. మూడో మనిషి ఆవిడ మరిది, తాపీ మేస్త్రి. అతనికీ తెలుసు గానీ అతను దాన్ని పగులుగా కాక వదినగారి భంగపాటుగా గుర్తుపెట్టుకున్నాడు. పదకొండేళ్ల కిందట ఆవిడ దాని మీద సిమెంటూ సున్నం కలిపి అరచేయంత బిళ్ల వేసింది. మరిది చూసి, "వదినా, నీ బిళ్ల ఆరు నెలలు ఆగితే నిన్ను మేస్త్రీ అని పిలుస్తా" అన్నాడు. పంతం పట్టి ఆవిడ ఆ బిళ్ల మీద మేకుతో తారీఖు గీసింది. నాలుగు నెలలకు అది నడిమికి విరిగింది. మరిది ఆ ముచ్చట ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

పెద్దమాస్టారు ఆవిడ చెప్పిందంతా విని, లేచి ఆఫీసు గది తలుపు వేయబోయారు. ఆ తలుపు కూడా సరిగ్గా పడదు, సగంలో ఆగింది.

"చిన్నవన్నీ చూపిద్దాం. కుళాయి, కిటికీలు, కారే కప్పు. అది మాత్రం..." ఆయన దగ్గారు. "పటం పటంలాగే ఉండనీ."

"అంతేనంటారా?"

"లారీల రోడ్డు తాళాలమ్మా. ఒకటో తరగతి వాళ్లకి చెప్పుల ఎడమా కుడీ కూడా తెలీదు."

ఆవిడకూ అదే సబబనిపించింది. శుక్రవారం పొద్దున్న అందరికంటే ముందొచ్చి, పటం కింది అంచుకు ఇంకో రెండు మేకులు కొట్టింది. తర్వాత సోమవారం చేసిందంతా విప్పడం మొదలుపెట్టింది. అట్టముక్క లాగేసింది, తలుపు ఒక పక్కకు వాలి వేలాడింది. పురికొస కోసేసింది, కుళాయి ఆనందంగా కారింది. చేపల బొమ్మ ఊడదీసి పిల్లలకిచ్చి, ఖాళీ చట్రాన్ని అలాగే వదిలేసింది. చెత్తబుట్ట పక్కకు జరిపింది. ఇరవై రెండేళ్లు దాచిన చేతులతో ఒక్కొక్కటీ బయటపెడుతుంటే మొదట ప్రాణం ఉసూరుమంది. నాలుగోదో ఐదోదో వచ్చేసరికి ఎందుకో తేలిగ్గా అనిపించింది, బిగుతు చెప్పులు విడిచినట్టు.

ఇంజనీరమ్మ పదింటికి వచ్చి, వాలిన తలుపు ముందు నిలబడింది.

"ఇదేనన్నమాట అసలు బడి."

"ఇదేనమ్మా" అని తాళాలమ్మ సుద్దబిళ్ల తీసి, విరిగిన బందు పక్కన ఒకటి వేసి, చుట్టూ సున్నా చుట్టింది. "ఒకటి రాసుకోండి."

అక్కణ్నుంచి ఆవిడకు పట్టపగ్గాల్లేవు. రెండు, తలుపు గడియ. మూడు, గుమ్మం మెట్టు. నాలుగు, నల్లబల్ల వెనక చెదలు. ఏ కిటికీ ఏ గాలికి కొట్టుకుంటుందో, ఏ గొట్టం ఎండాకాలంలో ఎండి వానాకాలంలో పొంగుతుందో, ఏ నేలబండ మీద పరుగెత్తితే పిల్లలు పడతారో ఆవిడ చెబుతుంటే రాయలేక ఇంజనీరమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. "కొంచెం ఆగండి, ఇరవై ఆరా, ఇరవై ఏడా?" అని మధ్యమధ్య అడిగేది. సమాధానం ఆవిడ చెప్పేలోగా కిటికీల్లోంచి పిల్లలే చెప్పేవారు. పన్నెండయ్యేసరికి బడి మొత్తానికీ అదొక ఆటైపోయింది. ఒక్కో అంకె పడినప్పుడల్లా ఏదో గదిలోంచి అరుపు వినిపించేది. నలభై ఒకటోది మరుగుదొడ్డి తలుపు. దానికి మాత్రం ఐదో తరగతి ఆడపిల్లలు బెంచీలు చరిచారు. పెద్దమాస్టారు కోప్పడబోయి, కోపం రాక, పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

యాభై మూడు దాటాక మూడో తరగతికి వచ్చారు. అక్కడ రెండు కిటికీలు, ఒక బెంచీ రాసింది ఇంజనీరమ్మ. రాసి, గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఈ గదిలో పిల్లలు ఇంత ఇరుకుగా కూర్చున్నారేం? ఎడమ గోడ వైపు అంత ఖాళీ వదిలేసి?"

పెద్దమాస్టారుకు దగ్గొచ్చింది. "గాలి కోసమండి. గాలి... బాగా ఆడాలని."

ఇంజనీరమ్మ తాళాలమ్మను చూసింది. తాళాలమ్మ ఆ ఖాళీని చూసింది. గోడ పొడుగునా రెండు బారల నేల. ఇన్నేళ్లలో ఆ నేల మీద ఒక్క పిల్లను కూర్చోనివ్వలేదు ఆవిడ. రోజూ సాయంత్రం ఊడ్చాక బెంచీలన్నీ కుడివైపుకు జరిపి, జరిపాక మళ్లీ కొలిచి చూసుకునేది. నోటితో ఎవరితోనూ అనలేదు గానీ, ఆ చేతులకు తెలుసు. గోడ మీద అంత నమ్మకముంటే బెంచీలెందుకు జరుపుతుంది? ఆ మాట ఇన్నాళ్లూ పిల్లలెవరూ అడగలేదు, అధికారులెవరూ అడగలేదు. అడిగింది ఈ అమ్మాయొక్కతే.

ముందు వరసలో ఒక పిల్ల పెన్సిలు కిందపడి ఆ ఖాళీలోకి దొర్లింది. పిల్ల లేవబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. తాళాలమ్మే వెళ్లి, వంగి పెన్సిలు తీసి పిల్లకిచ్చింది. తర్వాత గోడవైపు తిరిగి, రింగులోంచి పెద్ద తాళంచెవి ఒకటి పట్టుకుని, దాని మొనతో పటం కింది మేకులు ఒక్కొక్కటే పెకలించడం మొదలుపెట్టింది.

"తాళాలమ్మా" అన్నారు పెద్దమాస్టారు మెల్లగా.

"చిరుగు దాచి గుడ్డ ఇస్తే ఎవరు మాత్రం ఏం కుడతారు మాస్టారూ" అని ఆవిడ పటం ఎత్తి పక్కన పెట్టింది.

వెలుతురు పడి ఎన్నాళ్లో అయిన గోడ మీద ఆ పగులు నల్లగా, మెట్లు మెట్లుగా ఉంది. సుద్దబిళ్లతో దాని పక్కన యాభై ఏడు అని రాసింది తాళాలమ్మ. ఏడు వంకరగా పడింది. "ఇక రాసుకోండమ్మా, ఏ గడిలో రాయాలో" అంది.

ఇంజనీరమ్మ ఫారం జోలికి పోలేదు. గోడకు మొహం దగ్గరగా పెట్టి చూస్తోంది.

"ఇవేంటి?"

పగులు మీద మూడు బిళ్లలున్నాయి, ఒకదాని కింద ఒకటి. పైరెండూ నడిమికి విరిగాయి. మూడోది విరగలేదు. మూడింటి మీదా మేకుతో గీసిన తారీఖులు.

"అవా, నా తెలివితక్కువ పనులమ్మా. మా మరిదితో పంతం. మొదటిది నాలుగు నెలలకి విరిగింది. రెండోది వేస్తే అదీ విరిగింది. అప్పుడనిపించింది, బిళ్లలో లోపం లేదు, గోడే కదులుతోందని. గోడ వెనక్కి పోయి చూస్తే చేతులు కడుక్కునే నీళ్లన్నీ పునాది దగ్గరే నిలబడి ఉన్నాయి. పార తెచ్చి కాలవ తీసి, నీళ్లు అటు మళ్లించేశాను. తర్వాత మూడోది వేశాను."

"ఇది తొమ్మిదేళ్ల కిందటి తారీఖు."

"అవునమ్మా. సున్నం వేసినప్పుడల్లా దాన్ని వదిలేసి వేస్తా. మా మరిది చూసి ఒప్పుకోవాలి కదా. ఇంకో వాన చూద్దాం, ఇంకో వాన చూద్దాం అని తప్పించుకు తిరుగుతున్నాడు."

ఇంజనీరమ్మ బిళ్ల మీద బొటనవేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా రాసింది. భూతద్దం తీసి చూసింది. గదిలోంచి బయటికి వెళ్లి, గోడ వెనక కాలవ పొడుగునా నడిచి, మళ్లీ వచ్చింది. వచ్చాక చేసిన పని ఎవరూ ఊహించనిది. పిల్లల చిన్న బెంచీ మీద చతికిలబడి, రెండు చేతులతో మొహం రుద్దుకుని, హాయిగా నవ్వింది.

"అమ్మా, ఇలాంటి పగులు కనిపిస్తే మేమేం చేస్తామో తెలుసా? ఇది పెరుగుతోందా, ఆగిపోయిందా అని తేల్చుకోవాలి. దానికి పగులు మీద ఇలాంటి బిళ్లే వేస్తాం. తారీఖు రాస్తాం. ఏడాది చూస్తాం. విరిగితే గోడ కదులుతున్నట్టు, విరక్కపోతే ఆగినట్టు. నా దగ్గర ఏడాది లేదు, ఇవాళ సాయంత్రం దాకా ఉంది. మీ బిళ్ల లేకపోతే నాకు తెలిసే దారి లేదు. తెలియకపోతే మూడో గడే."

"అంటే?" అన్నారు పెద్దమాస్టారు. దగ్గు మర్చిపోయారు.

"అంటే ఈ గోడ తొమ్మిదేళ్లుగా వెంట్రుకవాసి కదల్లేదు. దీనికి కూల్చివేత అక్కర్లేదు. పగులుకు అడ్డంగా ఇనుప కడ్డీలు దించి, కుట్టేస్తారు."

"గోడని కుడతారా?" అంది తాళాలమ్మ.

"కుట్టడమనే అంటాం మేము కూడా."

తాళాలమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కన్నీళ్లొచ్చాయి, రెండిట్లో దేన్ని ఆపాలో తోచక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అర్థమైనా కాకపోయినా మూడో తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. మరమ్మతు గడిలో టిక్కు పెట్టి, ఇంజనీరమ్మ లేచింది. సాయంత్రంలోగా బడి పేరు జాబితాలో చేరుస్తానని, రేపే మేస్త్రిని పంపి పైకప్పూ గుర్తులు పెట్టినవీ సుత్తితో తట్టి చూడమంటానని, గోడ కుట్టేదాకా ఆ ఖాళీ నేల ఖాళీగానే ఉంచమని చెప్పింది. గేటు దాకా వెళ్లి, స్కూటరెక్కబోతూ ఆగింది.

"మిగతా ఆరు బళ్లకీ మళ్లీ వెళ్తాను, కమిషనరుగారిని ఇంకో వారం అడిగి. ఒక్కోచోట ఊడ్చేవాళ్లని, తాళాలు వేసేవాళ్లని వెంటబెట్టుకుని తిరుగుతాను. మొదటి రెండు రోజులు మీరు నాతో రావాలి. ఏం చూపించాలో వాళ్లకి మీరు చెబితేనే బాగుంటుంది."

"స్టేషను రోడ్డు బడికి కూడానా?"

"దానికే ముందు."

"ఆ అటెండరుకి రెండు మాటలు చెప్పాల్సినవున్నాయి" అంది తాళాలమ్మ. అప్పటికి ఆవిడ తాళాలు మళ్లీ మామూలుగా మోగుతున్నాయి. గోడకు కుట్లు వేస్తారని ఆ సాయంత్రం మొగుడికి చెబితే, ఆయన మిషను ఆపి, ఈసారి నిజంగానే మొదటిసారి విన్నట్టు చూశాడు. ఆ తర్వాత వీధిలో పోయేవాళ్లకల్లా ఆయనే చెప్పాడు.

శనివారం పొద్దున్న అలవాటు కొద్దీ తడిగుడ్డ పట్టుకుని వరండాలోకి వచ్చింది తాళాలమ్మ. ఎదురుగా తలుపు మీద ఒకటి, పక్కన రెండు, స్తంభం మీద పదహారు. గోడ మీద పెన్సిలు గీత కనిపిస్తే నిద్రపట్టని మనిషి. గుడ్డ పిండి, ఒకటి దగ్గరకు వెళ్లి, గుడ్డను భుజాన వేసుకుని తిరిగొచ్చింది. అంతలో పెద్దమాస్టారు తన గది తలుపు మీది ముప్పై రెండును చొక్కా చేతితో తుడవబోవడం కనిపించింది.

"మాస్టారూ, దాని జోలికి పోకండి."

"వచ్చేవాళ్లకి బడి ఎలా కనిపిస్తుంది చెప్పు?"

"ఉన్నట్టే కనిపిస్తుంది" అందావిడ.

గేటు చప్పుడైంది. భుజాన నిచ్చెన, చేతిలో తాపీ సంచీతో మరిది లోపలికి వచ్చాడు. ఇంజనీరమ్మ పంపిన మేస్త్రి అతనే. అతను వరండా పొడుగునా అంకెలు చూసుకుంటూ నడిచి, నేరుగా మూడో తరగతిలోకి వెళ్లాడు. తాళాలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. అతను నిచ్చెన దింపి, గోడకు దగ్గరగా నిలబడి, చెయ్యి చాచి మూడో బిళ్ల మీద బొటనవేలు పెట్టి రాశాడు. తాపీ వెనకభాగంతో చుట్టూ తట్టి విన్నాడు. తారీఖు చదివాడు. విరిగిన మొదటి రెండిటినీ కూడా చూశాడు, వాటిని చూసి ఈసారి నవ్వలేదు.

"ఏమంటావు మరిదీ? ఇంకో వాన చూద్దామా?"

అతను చేతుల దుమ్ము దులుపుకున్నాడు. సంచీలోంచి సుత్తి తీసి ఆవిడ వైపు తిరిగాడు.

"ఎక్కణ్నుంచి మొదలెడదాం, మేస్త్రీ?"

పదకొండేళ్లు ఎదురుచూసిన మాటను తాళాలమ్మ చెవిలో కాసేపు ఉండనిచ్చింది. ఆ తర్వాత కొంగున ముడేసుకున్న సుద్దబిళ్ల తీసి, ముందు నడిచింది.

"ఒకటి నుంచే మొదలెట్టు. దారిలో యాభై ఎనిమిదోది కూడా చూపిస్తా, నిన్న మర్చిపోయాను."